దిగొచ్చిన రాకెట్లు, దిగిరాని ధరలు

గత సంచికలో మళ్ళీ మళ్ళీ వాడే రాకెట్ల మీద ప్రశ్నలు పంపమని అడిగాం. ఒకే సందేహం పలువురు అడిగినచోట కలిపి ఒకే జవాబు ఇస్తున్నాం. రూపాయల్లో చెప్పిన చోటల్లా డాలరుకు 88 రూపాయల లెక్క వేసుకున్నాం.

ప్రశ్న: ఫాల్కన్ 9 దిగడం మొదలై పదేళ్ళయింది. అయినా ‘పూర్తిగా మళ్ళీ వాడే రాకెట్టు ఇంకా రాలేదు’ అంటారేమిటండీ?
– డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్టు ఫాల్కన్ 9లో వెనక్కి వచ్చేవి కింది దశ, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ముక్కు తొడుగు తాలూకు రెండు చెక్కలు. అంతే. పై దశ ప్రతిసారీ కొత్తదే. ఉపగ్రహాన్ని వదిలేశాక అది వాతావరణంలో పడి కాలిపోతుంది, లేదా కక్ష్యలోనే చెత్తగా మిగులుతుంది. కింది దశ 2015 డిసెంబరులో మొదటిసారి నేల మీద, 2016 ఏప్రిల్లో సముద్రంలో ఓడ మీద దిగింది. ఆ ఓడ మీద దిగినదే 2017 మార్చిలో మళ్ళీ ఎగిరింది. ఇప్పుడు 30 సార్లకు పైగా ఎగిరిన కింది దశ కూడా ఉంది.

మరి పై దశను ఎందుకు దించరు? వేగం చూడండి. కింది దశ విడిపోయేటప్పటికి సెకనుకు దాదాపు రెండుంబావు కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. పై దశ కక్ష్యలో తిరిగేది సెకనుకు 7.8 కిలోమీటర్లతో. శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ప్రతి కిలో బరువుకీ వదిలించుకోవాల్సిన శక్తి 12 రెట్లు. దాన్ని ఇంధనం మండించి తగ్గించుకోవడం కుదరదు, అంత ఇంధనం పైకి మోసుకెళ్ళలేం. గాలి రాపిడికే వదిలేయాలి, ఆ వేడికి కవచం కావాలి. కవచానికి బరువుంటుంది.

అసలు చిక్కు ఆ బరువుతోనే. కింది దశకు ఒక కిలో బరువు పెరిగితే పైకి తీసుకెళ్ళే సరుకు తగ్గేది అందులో కొద్ది వంతే. పై దశకు కిలో పెరిగితే సరుకు సరిగ్గా కిలో తగ్గుతుంది. కవచం, రెక్కలు, దిగడానికి ఉంచుకున్న ఇంధనం, కాళ్ళు అన్నీ కలిపి నాలుగైదు టన్నులైతే ఆ నాలుగైదు టన్నులూ ఉపగ్రహం వాటా నుంచే పోతాయి. చిన్న రాకెట్లో ఇది చేస్తే సరుకుకు చోటే మిగలదు. అందుకే, పూర్తిగా మళ్ళీ వాడాలని అదే కంపెనీ చేస్తున్న స్టార్‌షిప్‌ను అంత పెద్దగా కట్టారు: వ్యాసం 9 మీటర్లు, నిలబెడితే 120 మీటర్ల పైచిలుకు, కింద 33 ఇంజన్లు. దాని కింది దశను 2024 అక్టోబరు 13న ప్రయోగ స్తంభం చేతులతోనే గాల్లో పట్టుకున్నారు. ఒకసారి ఎగిరిన కింది దశను 2025 మేలో మళ్ళీ ఎగరేశారు కూడా. పై దశ కథ వేరు. 2025 జనవరి, మార్చి ప్రయోగాల్లో పైకి వెళుతుండగానే పోయింది. మేలో ఇంధన వ్యవస్థ లీకై అదుపు తప్పింది. ఆగస్టు, అక్టోబరుల్లో హిందూ మహాసముద్రంలో అనుకున్న చోటే నీళ్ళ మీద దిగింది. అయితే 2025 ముగిసేనాటికి ఒకసారి వెళ్ళొచ్చిన పై దశను మళ్ళీ ఎగరేసింది లేదు.

దాని ఒంటికి దాదాపు 18,000 ఆరు మూలల పలకలు తొడిగారు. ఒక్క పలక ఊడితే ఏమవుతుంది, రెండు పలకల మధ్య సందులోంచి వేడి గాలి దూరితే ఏమవుతుంది అన్నదే ఇప్పుడు జరుగుతున్న పరీక్ష. 2024 జూన్ ప్రయోగంలో రెక్క కీలు దగ్గర ఉక్కు కాలి రంధ్రం పడింది, అయినా రెక్క తిరుగుతూనే ఉంది. అమెరికాలోని స్టోక్ స్పేస్ అనే కంపెనీ ఇంకో దారి పట్టింది: పలకలు లేకుండా లోహపు అడుగు పెట్టి, దాని లోపల ద్రవ హైడ్రోజన్ పారించి చల్లబరచడం. ఏది నెగ్గుతుందో ఇప్పుడే పందెం కాయలేం.

ప్రశ్న: విమానం లాగే రాకెట్టు మళ్ళీ వాడుతుంటే ఖర్చు పది వంతులో ఒక వంతు కావాలి కదా. ఫాల్కన్ ధర ఏళ్ళు గడుస్తున్నా ఎందుకు పెరుగుతోంది?
– బ్యాంకు ఉద్యోగి, కూకట్‌పల్లి. ఇదే సందేహం మరికొందరిది

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి: కంపెనీకి అయ్యే ఖర్చు, మనకు చెప్పే ధర. ముందు ఖర్చు.

కొత్త రాకెట్టు మొత్తం ఖర్చు 100 అనుకుందాం. స్పేస్‌ఎక్స్ అధిపతి ఎలాన్ మస్క్ ఒకప్పుడు చెప్పిన స్థూల వాటాల ప్రకారం కింది దశ 60, పై దశ 20, తొడుగు 10, ప్రయోగం తాలూకు ఇతర ఖర్చులు 10. వెనక్కి తెచ్చి మరమ్మతు చేయడానికి ప్రతిసారీ కింది దశ ధరలో పదో వంతు, అంటే 6 అవుతుందని, తొడుగును కూడా కింది దశతో సమానంగా అన్నిసార్లూ వాడతారని మేం అనుకుంటున్నాం. ఇక సరుకు సంగతి. అన్నీ పారేస్తే ఫాల్కన్ 9 దిగువ కక్ష్యకు 22.8 టన్నులు మోస్తుంది. ఓడ మీద దించుకోవాలంటే సుమారు 17.5 టన్నులే, ఎందుకంటే దిగడానికి కొంత ఇంధనం మిగుల్చుకోవాలి.

పారేసే రాకెట్టుకు టన్నుకు 4.4 చొప్పున పడింది. దించుకునే రాకెట్టు ఒక్కసారే ఎగిరితే టన్నుకు 6 పైన, అంటే నష్టం. రెండుసార్లు ఎగిరితే 4.1, అక్కడికి ఒడ్డున పడ్డట్టు. మూడుసార్లకు 3.4, పదిసార్లకు 2.5. మరి ముప్ఫైసార్లకు? 2.2. పది నుంచి ముప్ఫైకి వెళ్ళినా తగ్గింది అంతే. ఎందుకంటే అప్పటికి కింది దశ, తొడుగుల వాటా దాదాపు మాయమైపోయి, మిగిలిన 38లో 20 కొత్త పై దశదే అవుతుంది. పై దశను కూడా దించాలన్న తాపత్రయమంతా ఆ ఇరవై కోసమే.

ఇదే లెక్కలో మరమ్మతు ఖర్చు 6 కాకుండా 30 అనుకోండి. అప్పుడు గట్టెక్కాలంటే ఐదుసార్లు ఎగరాలి. పదిసార్లు ఎగిరినా టన్నుకు 3.8 పడుతుంది. రెండు ప్రయోగాలకే గిట్టుబాటవుతుందని మస్క్ అంటే, సగటున పది ప్రయోగాలైనా కావాలని అప్పట్లో యునైటెడ్ లాంచ్ అలయన్స్ అనే పోటీ రాకెట్ కంపెనీకి అధిపతిగా ఉన్న టోరీ బ్రూనో అన్నారు. ఇద్దరూ కూడికలు సరిగానే వేశారు. తేడా మరమ్మతు, ఫ్యాక్టరీ ఖర్చుల అంచనాలో ఉంది. ఏడాదికి ఆరు ప్రయోగాలు చేసే సంస్థ ఒక్కో కింది దశను పదిసార్లు వాడితే, ఫ్యాక్టరీ దాదాపు రెండేళ్ళకు ఒకటి తయారుచేస్తే చాలు. కానీ అక్కడి యంత్రాలకు, మనుషులకు నెలనెలా జీతభత్యాలు ఆగవు. ఎక్కువ ప్రయోగాలు లేనివారికి మళ్ళీ వాడే రాకెట్టు లాభం కాకపోవచ్చు, మా దృష్టిలో ఈ రంగంలో అందరూ తక్కువగా మాట్లాడే విషయం ఇదే.

ఇంధనం సంగతి కూడా అడిగారు. ఫాల్కన్ 9 నింపితే 550 టన్నుల చిల్లర బరువు. అందులో 500 టన్నులకు పైగా కిరోసిన్, ద్రవ ఆక్సిజనే. అయినా ఆ రెంటి ఖర్చు కొన్ని లక్షల డాలర్లే, మొత్తం ధరలో ఒక శాతం లోపు.

ఇక ధర. 2025లో ఫాల్కన్ 9 మొత్తాన్నీ అద్దెకు తీసుకుంటే దాదాపు 7 కోట్ల డాలర్లు, మన డబ్బుల్లో 616 కోట్ల రూపాయలు. అంతకు కొన్నేళ్ళ ముందు ఇది 6.2 కోట్ల డాలర్లు. ఖర్చు తగ్గినా ధర తగ్గించాల్సిన అవసరం కంపెనీకి రాలేదు, అదే స్థాయి పోటీదారు లేరు కాబట్టి. పైగా 2024లో జరిగిన ఫాల్కన్ ప్రయోగాల్లో మూడింట రెండు వంతులు ఆ కంపెనీ సొంత ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ ఉపగ్రహాలవే. మిగిలిన లాభం ముందుగా వాళ్ళింటికే వెళ్ళింది. బ్లూ ఆరిజిన్ వారి న్యూ గ్లెన్ కింది దశ 2025 నవంబరులో మొదటిసారి ఓడ మీద దిగింది. అలాంటివి రెండు మూడు ఏడాదికి పదుల సార్లు ఎగరడం మొదలైతే తప్ప ధరల పట్టిక కదలదు.

ప్రశ్న: హెలికాప్టర్ లాగా గాల్లో ఆగి మెల్లగా దిగొచ్చు కదా? చివరి క్షణం దాకా ఆగి ఇంజన్ వెలిగించడం ప్రమాదం కాదా?
– ఇంటర్ విద్యార్థి, మలక్‌పేట

ఫాల్కన్‌కు అలా ఆగడం కుదరదు. దిగేటప్పటికి ఫాల్కన్ కింది దశ దాదాపు ఖాళీ, బరువు ఓ 25 టన్నులు. తొమ్మిది ఇంజన్లలో ఒక్కదాన్నే వెలిగించి, దాన్ని వీలైనంత తగ్గించినా తోపు, అంటే ఇంజన్ పైకి నెట్టే బలం, 30 టన్నులు దాటుతుంది. కాబట్టి ఇంజన్ వెలిగి ఉన్నంతసేపూ రాకెట్టు వేగం తగ్గుతూనే ఉంటుంది. వేగం సున్నా అయ్యే క్షణానికి కాళ్ళు నేలను తాకాలి. ముందే వెలిగిస్తే పైనే సున్నా అయి మళ్ళీ పైకి లేస్తుంది. ఆలస్యమైతే సంగతి చెప్పక్కర్లేదు. న్యూ గ్లెన్ లాంటి కొన్ని రాకెట్లు తోపును ఇంకా తగ్గించగలవు, కాసేపు గాల్లో నిలబడగలవు. కానీ నిలబడిన ప్రతి సెకనూ ఇంధనం వృథా.

ఏవి తప్పుతాయంటే, పెద్ద లోపాల కన్నా చిన్నవే ఎక్కువ. 2015 జనవరిలో, దిగేటప్పుడు దారి సరిచేసే జాలీ రెక్కలను తిప్పే హైడ్రాలిక్ నూనె ముందే అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్లో ఇంజన్ తోపును నియంత్రించే వాల్వు బిగుసుకుపోయి కాస్త ఆలస్యంగా స్పందించింది, రాకెట్టు ఒరిగింది. 2016 జనవరిలో చక్కగా దిగి నిలబడింది, ఒక కాలు లాక్ పడక పక్కకు కూలింది. 2018 ఫిబ్రవరిలో, మూడు కింది దశలను పక్కపక్కన కట్టిన ఫాల్కన్ హెవీ రాకెట్టు నడిమి భాగానికి ఇంజన్లు మళ్ళీ వెలిగించే ద్రవం సరిపోలేదు. ట్రైఇథైల్ అల్యూమినియం, ట్రైఇథైల్ బోరేన్ కలిపిన ఆ ద్రవం ఆక్సిజన్ తగిలితే తనంతట మండుతుంది. అది చాలక మూడు ఇంజన్లలో రెండు వెలగలేదు, ఓడ పక్కనే సముద్రంలో పడింది.

ప్రమాదం గురించి అడిగారు కాబట్టి ఒక ఏర్పాటు చెప్పాలి. రాకెట్టు మొదట దిగే గద్దెకు గురిపెట్టదు, పక్కనున్న నీళ్ళకు గురిపెడుతుంది. ఇంజన్ సవ్యంగా అంటుకుని అన్నీ బాగున్నాయని కంప్యూటర్ తేల్చుకున్నాకే గద్దె వైపు జరుగుతుంది. 2018 డిసెంబరులో జాలీ రెక్కల పంపు మొరాయించినప్పుడు ఫ్లోరిడా తీరాన నీళ్ళలోనే పడటానికి కారణం అదే.

ప్రశ్న: పారాచూట్ కట్టి దించితే పోలా?
– పాఠకుడు, సికింద్రాబాద్

2010లో ఎగిరిన మొదటి ఫాల్కన్ 9లకు పారాచూట్లు పెట్టే చూశారు. అవి తెరుచుకోకముందే వాతావరణం తాకిడికి రాకెట్టు ముక్కలైంది. అంటే ముందు ఇంజన్లు వెలిగించి వేగం తగ్గించక తప్పదు, అది చేసేటప్పుడు చివరి దాకా ఇంజన్లతోనే దిగొచ్చు. పైగా పారాచూట్‌తో పడేది ఉప్పునీళ్ళలో. చిన్న రాకెట్లకు, ముక్కు తొడుగులకు మాత్రం పారాచూట్ బాగానే పనికొస్తుంది.

ప్రశ్న: అమెరికా స్పేస్ షటిల్ 1981లోనే మళ్ళీ వాడారు. అది ఎందుకు చవక కాలేదు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

షటిల్ తిరిగొచ్చేది, కానీ మళ్ళీ ఎగరడానికి సిద్ధం కావడమే పెద్ద పని. ఒంటికి 24,000 పైచిలుకు పలకలు. ఒక్కోదాని ఆకారం వేరు, ఒక్కోదానికో నంబరు. చేత్తో అతికించాలి, దిగాక ఒక్కొక్కటీ చూడాలి. ప్రధాన ఇంజన్లను ఊడదీసి తనిఖీ చేసేవారు. నారింజరంగు పెద్ద ట్యాంకు ప్రతిసారీ పారేసేదే. పక్కన ఉండే ఘన ఇంధన బూస్టర్లను సముద్రంలోంచి తీసి, విడదీసి, కడిగి, మళ్ళీ నింపేవారు. వీటికి తోడు సరుకు మోసే ప్రతి ప్రయాణంలోనూ మనుషులు ఉండాల్సిందే, వారి రక్షణకు తగ్గ తనిఖీలూ ఉండాల్సిందే. ఏడాదికి పదుల కొద్దీ ప్రయాణాలని ఊహించారు. అత్యధికంగా జరిగినవి 1985లో, తొమ్మిది. ఒకే షటిల్ రెండు ప్రయాణాల మధ్య తక్కువలో తక్కువ 54 రోజులు పట్టింది. 2011లో ఆపేసేనాటికి 135 ప్రయాణాలు. మొత్తం కార్యక్రమం ఖర్చును వాటితో భాగిస్తే ఒక్కోదానికి దాదాపు 150 కోట్ల డాలర్లు పడింది. ఫాల్కన్ కింది దశ ఒకటి 2025 మార్చిలో 9 రోజుల్లో మళ్ళీ ఎగిరింది. ఆ 54కూ ఈ 9కీ మధ్య పోయినవన్నీ మనుషుల పనిగంటలే.

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న సీఎన్‌సీ యూనిట్. రాకెట్ భాగాల జాబ్ వర్క్ కోసం ప్రయత్నిస్తున్నాం. రాకెట్లను మళ్ళీ మళ్ళీ వాడటం మొదలైతే భాగాలు అడిగేవారే ఉండరంటున్నారు. ఇప్పుడు పెట్టుబడి పెట్టొచ్చా?
– యూనిట్ యజమాని, బాలానగర్

మన ఊళ్ళో కంచన్‌బాగ్‌లోని మిధాని ప్రత్యేక లోహాలు ఇస్తోంది, ఎంటార్ లాంటి కంపెనీలు దశాబ్దాలుగా ఇస్రో వికాస్ ఇంజన్ల పని చేస్తున్నాయి. వారి దగ్గరి నుంచి కిందికి వచ్చే జాబ్ వర్క్‌నే మీరు చూస్తున్నారని అనుకుని చెబుతున్నాం.

ముందుగా, ఆర్డర్లు ఎండిపోవు. పై దశ పారేసినంత కాలం ప్రతి ప్రయోగానికీ కొత్త పై దశ, కొత్త ఇంజను కావాలి. 2024లో 130కి పైగా ఫాల్కన్లు ఎగిరాయంటే అన్ని కొత్త పై దశలు తయారయ్యాయన్నమాట. ఇక్కడి చిన్న రాకెట్లు విక్రమ్-1, ఎస్ఎస్ఎల్‌వీ లాంటివి మొత్తం పారేసేవే. మారబోయేది భాగాల సంఖ్య కన్నా భాగాల నాణ్యత. ఒక్కసారి ఎగిరే భాగం కొన్ని నిమిషాలు బతికితే చాలు. ఇరవైసార్లు ఎగిరే భాగం ప్రతిసారీ వేడెక్కి చల్లారి, వణికి, మళ్ళీ వేడెక్కుతుంది. విరిగేది బలం చాలక కాదు, అలసి.

ఉదాహరణకు వేడిని తట్టుకునే నికెల్ మిశ్రలోహం ఇన్‌కోనెల్ 718. కార్బైడ్ టూల్‌తో నిమిషానికి 30 నుంచి 50 మీటర్ల వేగం దాటనివ్వకండి, కూలెంట్ బాగా పారనివ్వండి. ఫీడ్ ఆపి టూల్‌ను ఒకేచోట తిరగనిస్తే ఆ పొర గట్టిపడిపోతుంది, తర్వాతి కోత దాని మీద రాసుకుపోతుంది. అరిగిన ఇన్సర్ట్ (టూల్ కొసన బిగించే కోత ముక్క)తో ఇంకో రెండు పీసులు లాగేద్దామనుకుంటే కొలత సరిగానే వస్తుంది, మైక్రోమీటరుకు తప్పు దొరకదు. కానీ పై పొరలో లాగుడు ఒత్తిడి మిగిలిపోతుంది. పగులు పుట్టేది అక్కడే. అందుకే ఇలాంటి భాగాలకు ఇన్ని పీసులకు ఇన్సర్ట్ మార్చాలని ప్రాసెస్ షీట్‌లోనే రాసి, దాన్ని మార్చకుండా కట్టేస్తారు. మూలల వ్యాసార్ధాలు, బర్ (అంచున మిగిలే లోహపు ముళ్ళు) తీసిన తీరు కూడా డ్రాయింగులో ఉన్నట్టే ఉండాలి. ‘కాస్త ఎక్కువ నునుపు చేశాం’ అన్నా ఒప్పుకోరు.

రెండో విషయం ఆక్సిజన్ శుభ్రత. ద్రవ ఆక్సిజన్ వెళ్ళే పైపు, వాల్వు, ఫిట్టింగుల్లో కటింగ్ ఆయిల్ పలుచటి పొర మిగిలినా, అల్యూమినియం పొట్టు చిన్న ముక్క ఉన్నా వాల్వు మూసుకునే దెబ్బకే మంట పుట్టొచ్చు. ఆక్సిజన్‌లో ఒకసారి మంట అంటుకుంటే లోహమే కాలుతుంది. జిడ్డు తీసి, కడిగి, ఫిల్టర్ చేసిన నైట్రోజన్‌తో ఆరబెట్టి, చీకట్లో అతినీలలోహిత దీపం కింద నూనె మెరుస్తుందేమో చూసి, వెంటనే రెండు పొరల సంచిలో సీలు వేయాలి. ఈ పనికి షాపు ఫ్లోర్‌కు దూరంగా వేరే గది ఉండాలి. గ్లవ్స్ లేకుండా ముట్టుకున్న భాగాన్ని మళ్ళీ మొదటి నుంచి కడగాల్సిందే.

పెట్టుబడి వరుస మా సలహా ఇది: కొత్త ఐదు అక్షాల మెషిన్ కొనేముందు ఏఎస్ 9100 సర్టిఫికెట్ (విమాన, అంతరిక్ష భాగాల నాణ్యతా ప్రమాణం), సీఎంఎం (కొలతలు తీసే యంత్రం), ప్రతి పీసుకూ ముడి లోహం హీట్ నంబరు (ఏ విడతలో కరిగించి పోశారో చెప్పే నంబరు) నుంచి చివరి తనిఖీ దాకా కాగితం దొరికే పద్ధతి. రాకెట్టు పదోసారి ఎగరబోయేటప్పుడు ఒక క్లాంపులో పగులు కనబడితే, అదే హీట్ లోహంతో చేసిన తక్కిన క్లాంపులు ఎక్కడున్నాయో గంటలో చెప్పగలగాలి. ఇది అతిశయోక్తి కాదు. 2024 జూలైలో ఫాల్కన్ 9 పై దశ చెడిపోయి ఆ రాకెట్ల ప్రయోగాలన్నీ రెండు వారాలు ఆగిపోవడానికి మూలం, ఆక్సిజన్ వ్యవస్థకు తగిలించిన ఒక ప్రెజర్ సెన్సర్ గొట్టం. దాన్ని పట్టి ఉంచే క్లాంపు వదులై, ఇంజను వణుకుకు అలసి గొట్టం పగిలింది.

ప్రశ్న: ఇస్రో ఎందుకు పీఎస్ఎల్‌వీని దించదు? ‘పుష్పక్’ దిగింది కదా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

పీఎస్ఎల్‌వీ మొదటి దశలో ఉన్నది ఘన ఇంధనం. ఒకసారి అంటించాక ఆపలేం, తగ్గించలేం, మళ్ళీ వెలిగించలేం. నిలువుగా దిగడానికి ఆ మూడూ కావాలి. ఇస్రో పెద్ద రాకెట్టు ఎల్‌వీఎమ్3కి రెండు పక్కలా ఉన్న పెద్ద బూస్టర్లూ ఘన ఇంధనంవే. వాటి మధ్యనున్న వికాస్ ఇంజన్లు ద్రవ ఇంధనంవి. వికాస్‌ను 2023 జనవరిలో 67 శాతం తోపుకు తగ్గించి, 2025 జనవరిలో ఆపి మళ్ళీ వెలిగించి నేల మీద పరీక్షించారు.

పుష్పక్ వేరే సమస్యకు జవాబు. అది రెక్కలతో, కక్ష్య నుంచి తిరిగొచ్చి రన్‌వే మీద దిగే వాహనానికి నమూనా. 2016 మే 23న శ్రీహరికోట నుంచి 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో వాతావరణంలోకి తిరిగొచ్చి, బంగాళాఖాతంలో దిగింది. తర్వాత 2023 ఏప్రిల్, 2024 మార్చి, జూన్ నెలల్లో కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర చినూక్ హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తాను రన్‌వే మీద దిగింది. చివరిసారి నేలను తాకిన వేగం గంటకు 320 కిలోమీటర్ల పైనే. పరీక్షలో ఈ రెంటినీ కలిపి అడిగితే జాగ్రత్త: 2016లో దిగింది నీళ్ళ మీద, రన్‌వే మీద కాదు.

మొదటి దశను దించుకునేలా ఇస్రో చేయబోతున్న కొత్త తరం రాకెట్టు ఎన్‌జీఎల్‌వీ. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో 8,240 కోట్లతో ఆమోదించింది. దిగువ కక్ష్యకు 30 టన్నులు, గడువు 96 నెలలు, మూడు అభివృద్ధి ప్రయోగాలు. ఎల్‌వీఎమ్3 కన్నా ఒకటిన్నర రెట్లు ఖర్చుకు మూడు రెట్ల సరుకు అన్నది లక్ష్యం. ఏడాదికి ఎన్ని ప్రయోగాలన్న ప్రశ్నకు జవాబు వచ్చాకే ఆ లెక్క నిజమో కాదో తేలుతుంది.

ప్రశ్న: మా కాలేజీలో చిన్న ఉపగ్రహం చేయాలని ఉంది. రాకెట్లు చవకయ్యాయి కదా, కక్ష్యలోకి పంపడానికి ఎంతవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థుల బృందం, ఘట్‌కేసర్

ఉప్పల్ నుంచి షేర్ ఆటో ఎక్కినట్టే: సీటు చవక, కానీ ఆటో వెళ్ళే దారినే వెళ్ళాలి, అది కదిలినప్పుడే కదలాలి. స్పేస్‌ఎక్స్ షేర్ ప్రయోగాల్లో 2025 ధర 50 కిలోల వరకు సుమారు 3.25 లక్షల డాలర్లు, అంటే 2.86 కోట్ల రూపాయలు. ఆ పైన కిలోకు 6,500 డాలర్లు. మీది రెండు కిలోలే అయితే ఆ 50 కిలోల సీటు మొత్తం మీకు అక్కర్లేదు కాబట్టి, సీటు కొని ముక్కలుగా అమ్మే మధ్యవర్తి కంపెనీల దగ్గరికి వెళతారు. వాళ్ళు వదిలే పెట్టె అద్దె, బిగింపు, కాగితాల పని కలిపి చెబుతారు. అదే ఏడాది మొత్తం రాకెట్టును అద్దెకు తీసుకుంటే కిలోకు 4,000 డాలర్లే పడేది, మరి టోకుకూ చిల్లరకూ తేడా ఉంటుంది కదా.

డబ్బు సంగతి పక్కన పెట్టి ముందు ఒకటి తేల్చుకోండి: మీకు ఉపగ్రహం కావాలా, అంతరిక్షంలో మీ పరికరం పని చేస్తే చాలా? రెండోదైతే ఇస్రో పోయెమ్ వేదిక చూడండి. పని ముగిసిన పీఎస్ఎల్‌వీ నాలుగో దశనే కొన్నాళ్ళు కక్ష్యలో వేదికగా వాడతారు. కరెంటు, సమాచారం కిందికి పంపే ఏర్పాటు దానివే. బ్యాటరీ, రేడియో, యాంటెనా తలనొప్పులు ఉండవు. 2024 డిసెంబరు 30న వెళ్ళిన పోయెమ్-4లో 24 పరికరాలున్నాయి, అందులో హైదరాబాద్ కంపెనీ టేక్‌మీటుస్పేస్‌ది కూడా ఒకటి. దీనికి దరఖాస్తు ఇన్-స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) ద్వారా. విద్యార్థులకు మా మొదటి సలహా ఇదే.

సొంత ఉపగ్రహమే కావాలంటే క్యూబ్‌శాట్, అంటే ప్రామాణిక కొలతల్లో చేసే బుల్లి ఉపగ్రహం. ఒక యూనిట్ అంటే 10 సెంటీమీటర్ల చదరం, 11.35 సెంటీమీటర్ల ఎత్తు, బరువు 2 కిలోల లోపు. నాలుగు మూలల పట్టాలు కొలతకు రాకపోతే పెట్టెలో ఇరుక్కుంటుంది, కాబట్టి ఫ్రేమును కొనుక్కోవడమే మేలు. అడ్డుపడేది ఎప్పుడూ కాగితాలే, అందువల్ల డిజైన్ మొదలైన నెలలోనే రేడియో ఫ్రీక్వెన్సీ పని మొదలెట్టండి: అమెచ్యూర్ (హామ్ రేడియో) బ్యాండ్ అయితే అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘం సమన్వయం, మన టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం ద్వారా అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూకు సమాచారం, ఇన్-స్పేస్ అనుమతి. విదేశీ రాకెట్టు అయితే వీటికి తోడు ఎగుమతి నియంత్రణ లైసెన్సు. విడి లిథియం బ్యాటరీలను సరుకు విమానంలో పంపాలంటే ఛార్జి 30 శాతం మించకూడదు, యూఎన్ 38.3 పరీక్ష నివేదిక ఉండాలి.

పదార్థాల ఎంపికలో శూన్యంలో ఆవిరయ్యే ప్లాస్టిక్కులు, టేపులు, సాధారణ ఫెవిక్విక్ లాంటి జిగుర్లు వద్దు. మొత్తం బరువు నష్టం 1 శాతం లోపు, చల్లటి తలం మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉన్నవే వాడాలి. లేకపోతే మీ పొగ పక్కవాళ్ళ కెమెరా అద్దం మీద పేరుకుంటుంది, ప్రయోగ సంస్థ మిమ్మల్ని దించేస్తుంది. కంపన పరీక్షలో ఎక్కువగా ఓడిపోయేవి పొడుగాటి కెపాసిటర్ల కాళ్ళు, లాక్ లేని కనెక్టర్లు, జిగురు పెట్టని స్క్రూలు. బరువున్న భాగాలను బోర్డుకు ఎపాక్సీతో అదిమి పెట్టండి. పరీక్షకు ముందూ తర్వాతా అనునాద పౌనఃపున్యం కొలిచి పోల్చండి. అది గమనించదగినంత మారితే లోపల ఏదో వదులైనట్టే, బయటికి బాగానే కనబడినా సరే.

విద్యార్థుల ఉపగ్రహాల్లో చాలావాటి గొంతు మొదటి రోజు నుంచే వినబడదు. సాధారణంగా కారణాలు రెండు: యాంటెనాను కట్టి ఉంచిన దారం కాలలేదు, లేదా ఎండలో వచ్చే కరెంటు కన్నా ఖర్చు ఎక్కువై బ్యాటరీ అడుగంటింది. దారం కాల్చే తీగలు రెండు పెట్టండి, బ్యాటరీ చల్లగా సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కాలుతుందో లేదో చూడండి. వదిలాక 30 నిమిషాల దాకా ఏదీ విప్పకూడదు, 45 నిమిషాల దాకా రేడియో పలకకూడదు అన్న నియమం కోసం పెట్టిన టైమరు మధ్యలో రీసెట్ అయితే మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలెడుతుందా, ఎప్పటికీ ముగియకుండా తిరుగుతుందా అన్నది ప్రత్యేకంగా పరీక్షించండి. చివరగా ఉపగ్రహాన్ని ఏ కేబులూ లేకుండా, ఎగిరే బ్యాటరీతోనే, సౌర ఫలకాలకు దీపం కాసేపు వెలిగించి కాసేపు ఆర్పుతూ రెండు పూర్తి రోజులు నడపండి. అదే కార్యక్రమాన్ని మీ టెర్రస్ మీద ఉన్న గ్రౌండ్ స్టేషన్‌తోనే, లాబ్‌లోని రేడియోతో కాకుండా, వినాలి.